సుమ్మాదేవి ఎర్రమ్మ

సోంపేట,
11 ఫిబ్రవరి 1968

సుభద్రా,

నీ ఉత్తరం నిన్న అందింది. ఢిల్లీలో ఆసుపత్రులను నడిపే విద్య మీద కొత్తగా రెండేళ్ళ పైచదువు పెట్టారని, దానికి డాక్టరీ చదివినవాళ్ళే అర్హులని, మీ పలాస బంగారమ్మ ధర్మాసుపత్రి కమిటీవారు నిన్ను పంపడానికి ఒప్పుకున్నారని రాశావు. చివర "మీరు కాదంటే వెళ్ళను మావయ్యా" అన్నావు.

కాదంటున్నాను. ఉత్తరం ఇక్కడితో ముగించవచ్చు. కానీ కార్డుకు బదులు ఇన్లాండు కవరు కొన్నాను కాబట్టి కారణాలు కూడా రాస్తాను.

నీకు ఆరేళ్ళపాటు మనుషుల్ని కోసి కుట్టడం నేర్పారు. ఇప్పుడు కాగితాలు కోసి కుట్టడం నేర్పుతారన్నమాట. ఆ పని అదే ఆసుపత్రిలో నేను ఇరవైతొమ్మిదేళ్ళు చేశాను. హెడ్ గుమాస్తా అనేవారు. ఏ డాక్టరూ నన్ను కుర్చీలో కూర్చోమనలేదు. దుప్పట్లు ఎన్ని ఉన్నాయి, మిక్చరుకు నీళ్ళు ఎవరు మోస్తారు, శవాన్ని ఏ బండి మీద పంపాలి, ఇవన్నీ చూసినవాడికి మర్యాద లేదు. ఈనాడు అదే పనికి ఢిల్లీ పట్టా వచ్చింది కనుక గౌరవం వచ్చిందా? క్రిమియా యుద్ధంలో గుండు తగిలి చచ్చినవాళ్ళకంటే ఆసుపత్రి మురికివల్ల చచ్చినవాళ్ళు ఎక్కువని ఈ మధ్యే చదివాను. ఆ మురికిని కడగడానికి చీపురు కావాలి. పట్టా కాదు.

మన ఉద్దానం ఊళ్ళ ఆడవాళ్ళకు ఇన్నాళ్ళకి ఒక లేడీ డాక్టరు దొరికింది. ఆమెను కూడా గుమాస్తాను చేస్తారా? మీ అమ్మ కూడా ఇదే అంటోంది. అనలేదు గానీ, అనేలాగే చూస్తోంది.

ఇక్కడి రీడింగు రూములో పత్రికలు నాకంటే ముందే రామూర్తి మేష్టారికి ఇస్తున్నారు. దాని మీద కూడా ఒక అర్జీ పెట్టాను.

కోపంగా,
యజ్ఞనారాయణ

*

పలాస,
18 ఫిబ్రవరి 1968

మావయ్యా, నమస్కారాలు.

మీ కోపం భద్రంగా చేరింది. అమ్మ చూపుల్ని కూడా మీరే తర్జుమా చేస్తున్నారు కనుక ఆమెకు వేరే ఉత్తరం రాయడం లేదు.

నేను ఎందుకు వెళ్ళాలనుకుంటున్నానో ఒక్క బుధవారం సంగతి చెబుతాను. ఆ రోజు ముగ్గురు కాన్పుకు వచ్చారు. నూతి తాడు తెగిపోయింది. కొత్త తాడు స్టోరు గదిలో ఉంది. గది తాళం స్టోరు గుమాస్తా మొలతాడుకు ఉంది. ఆ మొలతాడు టెక్కలిలో పెళ్ళి భోజనం చేస్తోంది. నేను నడవాలో అటూ ఇటూ పరిగెడుతుంటే నొప్పులు పడుతున్న ఒకామె నన్ను పిలిచి, "ఏటి డాటరమ్మా, బిడ్డని తియ్యగల్దువు గానీ తాళం తియ్యనేవేటి?" అంది. నొప్పుల్లోనే నవ్వింది కూడా. నాకు నవ్వు రాలేదు. ఆరేళ్ళు చదివినదంతా ఆ తాళం ముందు ఎందుకూ కొరగాలేదు.

మీరు ఇరవైతొమ్మిదేళ్ళు ఈ పని ఎవరూ నేర్పకుండానే చేశారు. నేను నేర్చుకుని చేస్తానంటున్నాను. రెండేళ్ళలో తిరిగి ఇక్కడికే వస్తాను. అది కమిటీ షరతు, నా షరతు కూడా.

దరఖాస్తుతోబాటు మనం పనిచేసే ఆసుపత్రిలో ఒక లోపం గురించి రెండు పేజీల వ్యాసం రాయాలి. నేను ఎంచుకున్నది చీటీల కిటికీ. ఉదయం తొమ్మిదిన్నరకు మూసేస్తాం. సోంపేట, మందస, సుమ్మాదేవి వైపునుంచి రోగుల్ని తెచ్చే పాసింజరు కాగితం మీద తొమ్మిదీ ఇరవైకి వస్తుంది, నిజంగా ఎప్పుడొస్తుందో మీకు తెలుసు. వాళ్ళు చేతిలో సీసాలు పట్టుకుని మూసిన కిటికీ చూసి వెనక్కి పోతున్నారు. మీ కాలంలో ఎలా ఉండేదో తెలుసుకోవడానికి పాత రిజిస్టర్లు తీయిస్తాను.

సూపరింటెండెంటు వేంకటాచలం గారు నన్ను తానే సిఫారసు చేశారు. ఆఖరు తేదీ ఏప్రిల్ 30. సెలవు పెట్టి వచ్చి మాట్లాడదామంటే కాన్పులు చూడటానికి నేనొక్కదాన్నే. మీరు పలాసలో దిగనని ఒట్టు పెట్టుకున్నారు. కనుక ఉత్తరంలోనే దెబ్బలాడండి.

మీ మేనకోడలు,
సుభద్ర

*

సోంపేట,
25 ఫిబ్రవరి 1968

సుభద్రా,

వేంకటాచలం సిఫారసు చేశాడా? ఆ మాట ముందే రాయవలసింది. నా ఇన్లాండు కవరు మిగిలేది.

వాడెవడో నీకు తెలియదు. నువ్వు విశాఖపట్నంలో చదువుకుంటున్న రోజుల మాట. 1961 జూన్ నెలలో సుమ్మాదేవినుంచి ఒక ఆడమనిషి కాలికి గాయమై వచ్చింది. చేతికి గాజులు, పక్కన అత్త, నడిచి వచ్చిన మనిషి. వేంకటాచలం పెన్సిలిన్ సూది గుచ్చాడు. పావుగంటలో నడవాలో పడి చనిపోయింది. నేను అక్కడే ఉన్నాను. "ఏం చేశారు డాక్టరుగారూ?" అని అందరి ముందూ అడిగాను. తన గదిలోకి వెళ్ళిపోయాడు. పోలీసు లేడు, విచారణ లేదు. మూడు నెలల తరువాత, ఆ ప్రశ్న అడిగిన నన్ను మాత్రం "రిజిస్టర్లలో అవకతవకలు" అని చెప్పి, ఇంకా ఏడాది సర్వీసు ఉండగానే ఇంటికి పంపారు. పూలదండ లేదు, గ్రూపు ఫొటో లేదు.

ఈ ఏడేళ్ళలో ఈ కథ నేను సోంపేటలో చెప్పని మనిషి లేడు. చెబుతూనే ఉంటాను. అలాంటివాడు నిన్ను ఢిల్లీ పంపిస్తున్నాడంటే ప్రేమా? నువ్వు కళ్ళు తెరిచి చూసే మనిషివి. నీ కళ్ళు రెండేళ్ళపాటు దూరంగా ఉండాలి, అంతే. చీనా చక్రవర్తులు గిట్టని అధికారిని ఎప్పుడూ తిట్టేవారు కాదట. గొప్ప పదవి ఇచ్చి పొలిమేరకు పంపేవారట.

ఇంకొకటి. ఆ పాత రిజిస్టర్లు ముట్టుకోకు. నా ఇరవైతొమ్మిదేళ్ళను ఎలుకలకు అప్పగించారు. అది నువ్వు చూడనక్కరలేదు.

రామూర్తి మేష్టారు పత్రికలో పదబంధ ప్రహేళికను పెన్నుతో పూర్తి చేసి, అవీ తప్పులే రాసి, ఆపైన నాకు ఇస్తున్నాడు.

ఇట్లు, దండ లేకుండా ఇంటికొచ్చిన
మీ మావయ్య

*

పలాస,
10 మార్చి 1968

మావయ్యగారికి,

రాయకుండా ఉంటే బాగుండునని రెండు వారాలు ఆలోచించాను.

రిజిస్టర్లు తీశాను. మీ అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కానీ 1953 నుంచి 1961 దాకా ప్రతిరోజూ ఆఖరి ముప్ఫై వరసలూ రెండే పేర్లు. "ఎర్రమ్మ, సుమ్మాదేవి." "అప్పలరాజు, సుమ్మాదేవి." ఒక్క సోమవారమే ఎర్రమ్మకు పదిహేడు చీటీలు. ఆ ఒక్క రోజే ఆమెకు విరేచనాలు, పంటినొప్పి, కంటికలక, ఏడో నెల. అప్పలరాజుకు ఎనిమిదేళ్ళలో గజ్జి తగ్గలేదు. రైలు రాని రోజున కూడా వాళ్ళిద్దరూ వచ్చి మందు పట్టుకెళ్ళినట్టే ఉంది.

సుమ్మాదేవి ఎంత ఊరో మీకు తెలుసు. ఈ చీటీల ప్రకారం అక్కడ ఆరోగ్యంగా బతికినవాడు ఒక్కడూ లేడు.

రిజిస్టర్లు ముట్టుకోవద్దని మీరు ఎందుకన్నారు? ఆ చీటీల మీద వెళ్ళిన మందులు ఎక్కడికి వెళ్ళాయి మావయ్యా? ఇంకెవరో అడగకముందు నేను అడుగుతున్నాను.

సుభద్ర

*

సోంపేట,
14 మార్చి 1968

లేడీ డాక్టరు సుభద్రగారికి,

మందులు ఎక్కడికి వెళ్ళాయి? జనం కడుపుల్లోకి వెళ్ళాయమ్మా. నీ మావయ్య మూట కట్టి ఇంటికి తేలేదు. ఈ ప్రశ్న వేంకటాచలం కూడా నన్ను అడగలేదు. అంత అడిగే ధైర్యం నా చేతుల మీద పెరిగిన పిల్లకే వచ్చింది.

వినండి. తొమ్మిదిన్నరకు కిటికీ మూయాలనే నియమం 1953లో వాడు పెట్టిందే. ఆ నిమిషానికి బంట్రోతు ఢిల్లీశ్వరరావు వచ్చి రిజిస్టరు పట్టుకుపోయేవాడు. ఆఖరి పేరు కింద ఎర్రగీత గీసి సంతకం పెట్టడం దొరగారి మొదటి వైద్యం. ఆ తరువాత దేవుడొచ్చినా చీటీ లేదు. నేనేం చేశాను? తొమ్మిదీ పాతికకే రైలు జనం కోసం ముప్ఫై చీటీలు ముందే రాసి సొరుగులో పెట్టేవాణ్ణి. రాని మనిషికి పేరు ఏం రాస్తాం? ఆడవాళ్ళకు ఎర్రమ్మ, మగవాళ్ళకు అప్పలరాజు. జబ్బు నోటికొచ్చింది. ఊరు సుమ్మాదేవి. చిన్న స్టేషను, ఎవరూ వెళ్ళి చూడరు. రైలు వచ్చాక కట్టు కట్టే గది వెనక గుమ్మం దగ్గర నిలబడి పంచేవాణ్ణి. రైలు రానప్పుడు చీటీలు చించేసేవాణ్ణి. రిజిస్టరులో కొట్టెయ్యడానికి అది నా దగ్గర ఉంటే కదా!

వాళ్ళకు పాఠం కూడా చెప్పేవాణ్ణి. "లోపల పేరు అడిగితే చీటీలో ఉన్నదే చెప్పండి." ఒకసారి ఒక బెస్త ముసలాడికి ఆ పాఠం ఎక్కలేదు.

"నీ పేరేమిటి?" అన్నాడు వేంకటాచలం.

"పోలారావండి."

"చీటీలో అప్పలరాజని ఉంది."

"అది సీటీ పేరు బావూ. నా పేరు ఇంటికాడ ఉన్నాది."

గదంతా నవ్వింది. వాడు కూడా నవ్వి మందు రాశాడు. అంటే వాడికి తెలుసు. తెలిసి ఎనిమిదేళ్ళు ఊరుకుని, ఆ సూది సంగతి నేను అడిగాక మాత్రమే దాన్ని "అవకతవక" అన్నాడు.

నేను మనుషుల్ని వెనక్కి పంపలేదు. ఇప్పుడు మీరు పంపుతున్నారు. మీ వ్యాసంలో అది రాసుకోండి. రిజిస్టర్లు ముట్టుకోవద్దన్నది అవమానం చూడొద్దనే. దొంగతనం దాచమని కాదు.

మీ అమ్మకు ఈ సంగతి చెప్పలేదు. ఆమె తమ్ముణ్ణి దొంగ అన్న కూతురికి జంతికలు పంపుతానని డబ్బా సర్దుతోంది. పంపనివ్వను.

ఇట్లు,
పి. యజ్ఞనారాయణ, మాజీ హెడ్ గుమాస్తా

*

పలాస,
2 ఏప్రిల్ 1968

మావయ్యా,

నా ప్రశ్న తప్పు. మీ కాళ్ళు పట్టుకుని చెప్పవలసిన మాట ఉత్తరంలో చెబుతున్నాను. జంతికలు అందాయి. అమ్మ రైలు గార్డు చేతికిచ్చి పంపింది. మీకు చెప్పవద్దంది.

మీ ఉత్తరం చదివాక నాకు కొండంత గర్వం కలిగింది. వ్యాసం మళ్ళీ మొదలుపెట్టాను. అటక మీద రోగుల కార్డులు కూడా ఉన్నాయంటే దింపించాను. ఇక్కడ ఆగిపోదామనుకున్నాను. కానీ మీకు కాకుండా ఎవరికి చెప్పను?

మీరు చీటీ ఇచ్చాక లోపల నర్సు ఒక కార్డు తీసేది. పేరు, ఊరు ప్రకారం. మీకు ఆ గదితో పని లేదు. "ఎర్రమ్మ, సుమ్మాదేవి" కార్డులు నలభైమూడు ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద, 1960 ఆగస్టు తేదీతో, ఎర్ర సిరాతో ఇలా ఉంది: "పెన్సిలిన్ పడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం. మళ్ళీ ఇవ్వరాదు."

1961 జూన్‌లో కాలిగాయంతో వచ్చిన మనిషి ఆమే; చావు కాగితంలోనూ ఈ కార్డులోనూ ఒకటే పచ్చబొట్టు గుర్తు రాసి ఉంది. ఆ రోజు కూడా ఆమె ఎర్రమ్మే. నర్సు కట్టలో పైనున్న ఎర్రమ్మను తీసింది. ఆ కార్డులో పంటినొప్పి తప్ప ఏమీ లేదు.

వేంకటాచలం గారిని అడిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ మావయ్య చీటీ రాశాడు. నర్సు కార్డు తీసింది. నేను సూది గుచ్చాను. పోలీసులొస్తే ముగ్గురం వెళ్ళాలి. అందుకని మాట్లాడలేదు. ఆయన్ని పంపేశాను. అది మంచితనమనుకోకు, నా పేరు బయటికి రాకూడదనే ఎక్కువ. ఆయన ఊరంతా నన్ను హంతకుడంటున్నాడని తెలుసు. అననీ అనుకున్నాను" అన్నారు. కళ్ళజోడు పెట్టుకుని, "ఈనాటికీ కార్డులు పేరు ప్రకారమే పెడుతున్నాం. ఏం మార్చాలో నాకు తెలియదమ్మా. తెలిసినవాళ్ళు ఒకరు కావాలి" అన్నారు.

అదీ ఆయన నన్ను పంపడానికి కారణం.

వ్యాసం పూర్తిచేశాను. "ఒక గుమాస్తా", "ఒక రోగి" అని పేర్లు లేకుండా రాశాను. రాశాక చదువుకుంటే నా చెయ్యే నాకు అసహ్యం వేసింది. మిమ్మల్ని పెట్టుబడి చేసి పైచదువుకు వెళ్ళాలా? కవరులో పెట్టలేదు. ఇక పెట్టను. మొదటే మీరు కాదన్నారు. నేనూ మానేశాను. ఇక ఈ సంగతి మనలో ఎవ్వరమూ ఎత్తవద్దు.

మీ
సుభద్ర

*

(కార్డు)
సోంపేట, 5 ఏప్రిల్ 1968

అబద్ధం. కార్డులు వాడు తరువాత రాయించి ఉంటాడు. ఎర్రసిరా ఇన్నేళ్ళు వెలిసిపోకుండా ఉంటుందా? నాకు ఉత్తరాలు రాయకు.

య.

*

సోంపేట,
21 ఏప్రిల్ 1968

అమ్మాయీ,

ఆ కార్డు పోస్టు చేసి ఇంటికొచ్చాను. తరువాత వారం రోజులు ఏ పుస్తకం తెరిచినా ఒక్క పుట దాటలేదు. పదిహేడో తేదీన పాసింజరు ఎక్కి సుమ్మాదేవిలో దిగాను. స్టేషను పేరు ఎనిమిదేళ్ళు రోజుకు ముప్ఫైసార్లు రాసినవాణ్ణి. దిగడం అదే మొదలు.

ఏడేళ్ళ కిందట పలాస ఆసుపత్రిలో పోయిన ఎర్రమ్మ ఇల్లు ఏదని అడిగాను. ఎర్రమ్మ అనే మనిషి ఎవరూ పోలేదన్నారు. సూదిమందుకు పోయిన ఆవిడ అన్నాక చూపించారు. జీడితోట పక్కన రెండు గదుల ఇల్లు. అత్త బొడ్డమ్మ గింజలు ఎండబెడుతోంది. నన్ను చూసి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వు సీటీల బావువి గాదేటి? ముసిలోడివైపోనావు. కూకో బావూ, కూకో."

కూర్చున్నాను. కోడలి పేరేమిటని అడిగాను.

"సిన్నతల్లి. నువ్వే గదా ఎర్రమ్మని పెట్టినావు! నోపల అడిగితే అదే సెప్పమన్నావు. పాపం అది దారంతా అనుకుంటా వచ్చినాది, మర్సిపోతానని. నాను ఎర్రమ్మని, నాను ఎర్రమ్మని అనీసి. సచ్చినప్పుడు కాయితంలో కూడా ఎర్రమ్మనే రాసినారు."

ఆమె నా దగ్గరకు జరిగింది.

"నీ మీద కోపం నేదు బావూ. నీ సీటీ నేకపోతే మాం నోపలికే ఎల్లనేం. మంత్రమేసే మా గురువుకి కాయితం సూపిత్తే సెప్పినాడు. సావు ఎర్రమ్మ కోసం వచ్చినాదట. పేరు సూసుకుని మా పిల్లని అట్టుకుపోనాదట. మరి ఆ ఎర్రమ్మ ఏ ఊరు? బాగున్నాదా? పిల్లలున్నారా? మా సిన్నతల్లి ఆయువు ఆ యమ్మ కాడ ఉన్నాది. ఒక్కపాలి సూడాలనుంది. ఏటీ అనను. సూసి వచ్చీత్తాను."

సుభద్రా, ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఏటా చిన్నతల్లి తద్దినంనాడు ఆ ఎర్రమ్మ పేరున కూడా ఒక విస్తరి వేస్తున్నారు. కోడలి ఆయువుతో బతుకుతున్న మనిషి చల్లగా ఉండాలని.

నేను చెప్పాను. "ఎర్రమ్మ ఎక్కడా లేదమ్మా. ఆ పేరు నేను కల్పించాను. చావు పేరు చూసి రాలేదు. మీ కోడలికి ఆ మందు పడదని ఒక కాగితం మీద రాసి ఉంది. నేను అందరికీ ఒక్క పేరే రాయడంవల్ల ఆ కాగితం దొరకలేదు." ఆమె గింజలు కెలకడం ఆపింది. "నేదా? ఎక్కడా నేదా?" అని రెండుసార్లు అడిగింది. తరువాత లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. సాయంత్రం బండి దాకా ఆ అరుగు మీదే కూర్చున్నాను. తలుపు తీయలేదు. నన్ను తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

ఇప్పుడు నా లెక్కలు చూసుకుంటున్నాను. వేంకటాచలాన్ని క్షమించను. హంతకుడన్నందుకు క్షమాపణ ఈ పూటే వేరే కవరులో రాశాను. కానీ ఏడేళ్ళు నాకు నిజం చెప్పకుండా ఊరుకున్నందుకు క్షమించనని అదే కవరులో రాశాను. ఒక్క మాట చెప్పి ఉంటే నేను అప్పుడే సుమ్మాదేవి వెళ్ళేవాణ్ణి. ఆ ముసలమ్మకు ఆరు విస్తళ్ళు తప్పేవి. నా పరువు కాపాడమని ఎవరడిగారు వాణ్ణి? కిటికీ తొమ్మిదిన్నరకు మూసిన పాపం మాత్రం ముమ్మాటికీ వాడిదే. అందులో అంగుళం తగ్గను.

ఇక నీ సంగతి. నా జాలిగుండె ముప్ఫైమందిని లోపలికి పంపింది. లోపల ఏమవుతుందో అది చూడలేదు. దయ ఉంటే చాలు, చదువెందుకు అనుకున్నాను. అన్ని పుస్తకాలు చదివినవాణ్ణి, చీటీ వెనక గదిలోకి ఎన్నడూ తొంగి చూడలేదు. కిటికీ నుంచి నడవా దాకా మొత్తం దారి చూడటం ఎవరో నేర్పాలి. అది నేర్పేచోటు ఉందంటే, దానికి నవ్విన నోరు నాది.

నువ్వు మానేశానన్నావు. నా కోసమట! నన్నడగకుండా నాకోసం ఊరుకునేవాళ్ళు నాకింకా ఎంతమంది కావాలి? ఒక వేంకటాచలం చాలడా?

వ్యాసం పోస్టు చెయ్యి. కానీ అలా కాదు. "ఒక గుమాస్తా" ఏమిటి? "ఒక రోగి" ఏమిటి? ఇంతచేసి నువ్వు రాసింది మళ్ళీ ఉత్తుత్తి చీటీయేనా? గుమాస్తా పేరు పప్పు యజ్ఞనారాయణ. పూర్తిగా రాయి. ఆ మనిషి పేరు చిన్నతల్లి. భర్త కూర్మయ్య. ఊరు మాత్రం నిజంగానే సుమ్మాదేవి. 1961 జూన్ రిజిస్టరు తీసి, ఆ వరసలో ఎర్రమ్మను కొట్టేసి, పైన ఆమె పేరు రాసి, పక్కన నీ సంతకం పెట్టు. ఆ ముక్క నకలు తీసి బొడ్డమ్మకు నువ్వే తీసుకెళ్ళి ఇవ్వు. నాకు ఆ తలుపు తీయదు.

ఆఖరు తేదీ ముప్ఫై. ఇరవైఐదో తేదీ బండికి నేను పలాసలో దిగుతున్నాను. కవరు నా ఎదుటే అంటించాలి.

యజ్ఞనారాయణ